అక్కకు కొన్న సైకిలు

మోకాళ్ళ నొప్పికీ షుగరుకీ కలిపి డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. "రోడ్డు మీద నడవద్దు. ఇంట్లో పెట్టుకొని తొక్కే సైకిలు ఒకటి కొనండి. రోజూ అరగంట తొక్కాలి." చీటీ మీద అక్క బరువు కూడా రాసింది. నూట పన్నెండు కిలోలు. ఆ చీటీ మడిచి బ్యాగులో పెట్టుకున్నది నేనే. కాబట్టి ఆ అంకె నాకు తెలియదని చెప్పుకోవడానికి వీల్లేదు.

మా అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. బావ పోయాక కృష్ణపట్నం దగ్గరున్న మా ఊళ్ళోనే మేమిద్దరం కలిసి ఉంటున్నాం. ఏళ్ళ తరబడి చేపల గంప నెత్తిన పెట్టుకొని ఊళ్ళు తిరిగిన మనిషి తను. మోకాళ్ళు అరిగి గంప దించేశాక ఒళ్ళు వచ్చింది. నేను పోర్టు దగ్గర ఒక కంపెనీ ఆఫీసులో కంప్యూటరు పని చేస్తాను. మా ఇంటి ముందు పొద్దస్తమానం బొగ్గు లారీలు తిరుగుతాయి. నడుద్దామన్నా చోటు లేదు.

వారం రోజులు కంపెనీ బస్సులో కూర్చొని ఫోన్లో సైకిళ్ళు చూశాను. ధర తక్కువ ఉండాలి. చప్పుడు చేయకూడదు. చుట్టాలొస్తే మడిచి బీరువా పక్కన పెట్టేసేలా ఉండాలి. నేను వెతికినవి ఇవే. ఎంత బరువు మోస్తుందన్నది ప్రతిదాని కిందా రాసే ఉంది. ఆ వరస మాత్రం చూసీ చూడనట్టు దాటేశాను.

ఆదివారం ఇద్దరం నెల్లూరు వెళ్ళాం. షాపతను రెండు రకాలు చూపించాడు. ఒకటి మడిచేది, సన్న సీటు, చవక. ఇంకోటి కుర్చీలా వీపు ఆనించుకొని తొక్కేది. ధర కొంచెం ఎక్కువే గానీ మేం కొనలేనిదేమీ కాదు. అక్క దాని వెడల్పాటి సీటు మీద చెయ్యి వేసి నొక్కి చూస్తోంది.

"ఎవరికి మేడం, మీకా?" అన్నాడతను.

"మా అక్కకి."

"బరువెంత ఉంటారు? దాన్నిబట్టి ఏది తీసుకోవాలో చెప్తాను," అని మర్యాదగానే అడిగాడు.

పక్కన ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ట్రెడ్‌మిల్ ఎక్కి దిగుతూ నవ్వుకుంటున్నారు. వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వలేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నా చెవులు వేడెక్కాయి.

"తొంభై లోపే," అన్నాను.

"అయితే ఈ మడిచేది చాలు మేడం. వంద దాకా మోస్తుంది."

అక్క ఆ పెద్ద సీటు మీంచి చెయ్యి తీసేసింది. నా వైపు చూసిందో లేదో నాకు తెలియదు. నేను తల దించుకొని పర్సు వెతుక్కుంటున్నాను.

అక్క రోజూ తొక్కింది. పొద్దున నీళ్ళు పట్టడం అయ్యాక నైటీ పైకి దోపుకొని, టీవీ పెట్టుకొని కూర్చునేది. మొదట పది నిమిషాలు, తరవాత ఇరవై. నేను బస్సు దిగి ఇంట్లో అడుగు పెట్టగానే, "ఈ పొద్దు ఇరవై రెండు నిమిషాలు మే!" అని చెప్పేది. రెండో వారానికి సైకిలు కిర్రుమనడం మొదలైంది. "నూనె వెయ్యి, పోతుంది," అన్నాను. లోపల భయంగానే ఉంది. అయినా అంతకంటే ఏమీ అనలేదు.

మూడో వారంలో ఒకరోజు ఆఫీసులో ఉండగా పక్కింటామె ఫోన్ చేసింది. "మీ అక్క పడిపోయినాది. చెయ్యి వాచి ఇంత లావైంది, బెరీనా రా!" సీటు కింది గొట్టం వంగిపోయి, అక్క పక్కకు ఒరిగి, ఎడమ చెయ్యి నేలకు ఆనించింది. మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో ఎలా పడ్డావని అడిగితే, "నేనే వంకరగా కూర్చున్నా సార్," అని చెప్పింది అక్క. నేను పక్కనే నిలబడి ఊరుకున్నాను. అంతటితో ఆగినా బాగుండేది. కట్టు వేయించుకొని ఇంటికొచ్చాక పక్కింటామె అదే అడిగింది. "ఫోన్ చూసుకుంటా తొక్కితే పడక ఏమవుతుంది?" అన్నాను. అక్కకు తొక్కేటప్పుడు ఫోన్ ముట్టుకునే అలవాటే లేదు. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది.

కట్టుతో అక్క తన జడ తను వేసుకోలేదు గనక, రోజూ బస్సుకు ముందు నేనే వేసేదాన్ని. నాలుగైదు రోజులు గడిచాయి. ఒక పొద్దున తను ముందు, నేను వెనక కూర్చొని ఉన్నాం. తన మొహం నాకు కనబడకపోవడం వల్లే ధైర్యం వచ్చిందనుకుంటాను.

"అక్కా, షాపులో నీ బరువు తక్కువ చేసి చెప్పినాను."

"నా పక్కనే నిలబడి గదా చెప్పినావు. నాకేం చెవుడా?"

దువ్వెన ఆగిపోయింది. "మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"నువ్వు సిగ్గుపడతా ఉండావు. నేను నోరు తెరిస్తే నీకింకా తలవంపులు గదా. బండి మోస్తాదేమోలే అనుకున్నా." కట్టున్న చెయ్యి ఒళ్ళో సర్దుకుంది. "దానికేం లేదు మే. పక్కింటామెతో ఫోన్ చూసుకుంటా పడిందన్నావు చూడు, అది మాత్రం బాధయినాది."

ఏడిస్తే తనే నన్ను ఓదారుస్తుందని తెలిసి ఏడుపు ఆపుకున్నాను. జడ సగంలో ఉంది. దాన్ని పూర్తిచేసి, పక్కింటికి వెళ్ళి ఉన్న మాట చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "సొంత అక్కను చెప్పుకోడానికి సిగ్గయినాదా నీకు?" అంది. ఆ పొద్దు బస్సు తప్పిపోయింది.

తరవాత సైకిలు తీసుకొని నెల్లూరు వెళ్ళాను. వారంటీ ఉంది. కాగితం మీద వాడే మనిషి బరువు రాయాలి. తొంభై అని రాస్తే కొత్తది ఇస్తారని, ఉన్నది రాస్తే ఇవ్వరని నాకు అర్థమైంది. ఆ ఆలోచన రాలేదని చెప్పను. నూట పన్నెండు అని రాశాను. షాపతను చదివి, "అప్పుడే చెప్పుంటే నేను ఇది ఇచ్చేవాణ్ణే కాదు మేడం," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాకు తేలిగ్గా ఉండేది.

కట్టు విప్పాక అక్కను తీసుకెళ్ళి, కుర్చీలాంటి సైకిలు మీద కూర్చోబెట్టి, నచ్చిందన్నాకే కొన్నాం. అది మడవడానికి వీలుకాదు. ముందు గదిలో సగం చోటు దానిదే. ఉప్పు గాలికి తుప్పు పట్టకుండా వారానికోసారి తుడుస్తాను. అక్క ఇప్పుడు అరగంట తొక్కుతుంది, షుగరు కొంచెం తగ్గింది. మణికట్టు మాత్రం పూర్తిగా తిరగదు. బట్టలు పిండేటప్పుడు చీర ఒక కొస నా చేతికిచ్చి, "గట్టిగా తిప్పు మే," అంటుంది. తిప్పుతాను.