కంటిపాపల హాజరీ

మా పాప సాంచాల చప్పుడుకు నిద్రపోయేది. సాంచాలంటే కరెంటుతో నడిచే మగ్గాలు. సూరత్‌లోని ఉధ్నాలో మేముండే గది కిందనే ఒక కార్ఖానా. పాప పుట్టిన నాటి నుంచీ పగలూ రాత్రీ ఆ టకటకలే దానికి జోల. మొదటి లాక్‌డౌన్‌లో అవన్నీ ఒక్కసారిగా ఆగిపోతే అది ఉలిక్కిపడి లేచింది. ఇక పడుకోనని మొండికేసింది. అప్పుడు మా మరిది ఉయ్యాల పక్కన చేరి, స్టీలు గ్లాసును కిటికీ ఊచకు కొడుతూ, నోటితో టకా టకా అంటూ తానే సాంచా అయ్యాడు. మధ్యలో పోగు తెగినట్టు టక్కున ఆగేవాడు. పాప కళ్లు తెరిచేది. గాలిలో పోగు వెతికి, ముడేసి, మళ్లీ మొదలుపెట్టేవాడు. దాన్ని నిద్రపుచ్చుతున్నాడో, ఆడిస్తున్నాడో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఆ నిశ్శబ్దం మమ్మల్ని కొంచెం తిక్కవాళ్లను చేసింది. సాంచాల మధ్య బతికిన మనుషులు మాట్లాడరు, అరుస్తారు. అరుపు కూడా వినపడనప్పుడు చేతులతో సైగలు చేస్తారు. పోగు తెగితే రెండు వేళ్లు రాస్తారు. దారపు కండె అయిపోతే బొటనవేలు కిందికి తిప్పుతారు. ప్రమాదం అనిపిస్తే పిడికిలి తల మీదికెత్తి ఒక్క విసురు విసురుతారు. అది కనపడితే ఎక్కడివాళ్లక్కడ మిషన్లు ఆపేయాలి. చప్పుడు పోయినా మావాళ్లకు ఈ అలవాట్లు పోలేదు. ఉప్పు అందియ్యమని మా ఆయన పక్కనే కూర్చుని అరిస్తే, అత్తమ్మ అంతకన్నా గట్టిగా "ఇస్తున్నగదరా" అనేది. వీధి చివరి ఇంటివాళ్లకు కూడా మా కూరలో ఉప్పు తక్కువని తెలిసిపోయేది.

నేను జగిత్యాలలో డిగ్రీ చదివి, పెళ్లితో సూరత్ వచ్చినదాన్ని. చదివిన చదువంతా ఆ రోజుల్లో ఒకే పనికి వాడాను. ఇంట్లో ఉన్న ప్రతి సీసా మీదా సన్నటి అక్షరాలు చదవడం. ఫినాయిల్, శానిటైజర్, దగ్గు మందు, చివరికి గోళ్ల రంగు. పాప పాకడం మొదలుపెట్టింది కాబట్టి, నేలకు జానెడు ఎత్తులో ఉన్నవన్నీ నాకు విషాలుగానే కనిపించేవి. రాత్రి పాలు తాగించాక ఫోన్‌లో విషాల గురించి చదువుతూ కూర్చునేదాన్ని. అత్తమ్మ అందరికీ చెప్పేది: "మా కోడలు పిల్ల సబ్బుకు గుడ భయపడ్తది."

ఖాళీగా ఉండలేక మా మరిది పొలం పనికి పోవడం మొదలుపెట్టాడు. పొలం పనులకు అప్పట్లో అనుమతి ఉండేది. ఊరి బయట బెండ తోటలున్న ఆసామి టెంపో పంపేవాడు. ఏళ్ల తరబడి రేకుల కింద పనిచేసినవాడు, అంత ఆకాశం చూసి మురిసిపోయాడు. రోజూ సంచి నిండా బెండకాయలు తెచ్చేవాడు. మేము వేపుడు, పులుసు, పచ్చడి అన్నీ అయ్యాక, బెండకాయతో ఇంకేం చేయవచ్చో పందెం వేసుకునే దాకా వచ్చాం.

ఒక సాయంత్రం అతను బెండకాయలు లేకుండా, ఒక చిన్న సీసాతో వచ్చాడు. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి, గోడకానుకుని కూర్చున్నాడు.

"సూడు వదినె, మూతి ఎంత సన్నగున్నదో. సాంచాలు మొదలైనంక నూనె పొయ్యనీకి మస్తు పనికొస్తది. చుక్క చుక్క పడ్తది."

సాంచాలకు నూనె వేయడానికి సన్నమూతి సీసా దొరికితే మావాళ్లు విడిచిపెట్టరు. రోడ్డు మీద కనిపించినా బస్సు దిగి తెచ్చుకునే రకం. కానీ నాకు మూతి కనపడలేదు. దాని మీదున్న ఎర్ర త్రికోణం కనపడింది. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని దాన్ని తీశాను. పాపను మా ఆయన ఒళ్లో కూర్చోబెట్టాను.

"ఇది పురుగుల మందు సీసా. ఇండ్ల పాకే పిల్ల ఉన్నదని సోయి ఉన్నదా నీకు?"

"కడిగిన వదినె. రెండుసార్లు కడిగిన."

"ఏం రాసిండ్రో విను ఇగో. తలనొప్పి."

"హాజర్," అన్నాడు, బడిలో పిల్లవాడిలా చెయ్యెత్తి.

అత్తమ్మ కిసుక్కున నవ్వింది. నాకు కోపం పెరిగింది.

"చెమటలు."

"హాజర్. గీ ఎండల చెమటలు గాక చలి పెడ్తదా?"

"వాంతులు."

"టెంపోల అయినై. హాజర్."

"కండ్లల్ల నీళ్లు."

"హాజర్ హాజర్."

"నోట్లె ఊట ఊరుడు."

నేను సీసా మీది నుంచి తలెత్తాను. చూస్తే గడ్డం తడిగా ఉంది. మోచేత్తో తుడుచుకుని, మళ్లీ చెయ్యెత్తాడు. ఎత్తిన చేతి వేళ్లు వాటంతటవే అదురుతున్నాయి. కంటి రెప్ప కింద కూడా ఏదో పురుగు పాకుతున్నట్టు కదులుతోంది. పాప పకపకా నవ్వింది. దానికోసం రెప్పతో సాంచా నడిపిస్తున్నాడనుకుంది. మేము కూడా అదే అనుకున్నాం. అతను ఎప్పుడూ ఏదో ఒకటి ఆడించే మనిషి. దవడ ఆడించేవాడు, చెవులు ఆడించేవాడు.

"లైటు ఎయ్యి వదినె. అంత మసకమసకగున్నది," అన్నాడు.

ఇంకా పొద్దు పోలేదు. గదిలో కొంచెం నీడగా ఉంది, అంతే. నేను వంగి అతని కళ్లలోకి చూశాను. తిరిగి మా ఆయన ఒళ్లో ఉన్న పాప కళ్లలోకి చూశాను. ఆ నీడలో పాప కంటిపాపలు పెద్దగా, నల్లగా, నేరేడు పళ్లలా విచ్చుకుని ఉన్నాయి. అతనివి పెన్నుతో పెట్టిన చుక్కల్లా ఉన్నాయి.

అప్పటిదాకా చదువుతున్నది తిట్టడానికి. నేను చదివినవన్నీ అతను నిజంగానే చెప్పాడని అప్పుడు తెలిసింది.

అతను దగ్గాడు. గొంతులో గరగరమని నీరు తిరిగింది. మా ఆయన పాపతో సహా గోడవైపు జరిగాడు. "దగ్గుతుండు. కరోనా గావచ్చు. అందరు మాస్కులు పెట్టుకోండ్రి."

"కరోనా లేదు గిరోనా లేదు. ఎండదెబ్బ," అంది అత్తమ్మ. "మజ్జిగల ఉప్పేసి తెస్త."

"కరోనాకు కంటిపాపలు చిన్నగ గావు," అన్నాను. "ఇది మందు. లోపటికి పోయింది." ఆ మాట నా నోటి నుంచి ఎంత మామూలుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ విచిత్రంగా ఉంటుంది. అతని వీపు చూడమన్నాను. చొక్కా వెనకంతా తడిసి, తెల్లగా చారలు కట్టి, ఒంటికి అంటుకుపోయింది.

"వీపు మీది మందు పంపు కారింది వదినె, పొద్దుగాల్నుంచి. సల్లగున్నదని ఊకున్న."

ఆ తెల్లటి జిడ్డు చూడగానే అత్తమ్మ మజ్జిగ మరిచిపోయి కిరోసిన్ డబ్బాకు పరుగెత్తింది. సాంచాల ఇళ్లలో ఒంటికి ఏది అంటినా మొదటి చెయ్యి కిరోసిన్ మీదికే పోతుంది. గ్రీజైనా, నూనైనా, రంగైనా గుడ్డ ముంచి రుద్దడమే. ఆమె ముంచేసింది కూడా. "అత్తమ్మ, వద్దు" అని నేను అరిచాను. మా ఇంట్లో అరుపును ఎవరు లెక్కచేస్తారు? ఆమె కొడుకు చొక్కా ఎత్తి వీపు మీదికి వంగింది.

నేను పిడికిలి తల మీదికెత్తి ఒక్క విసురు విసిరాను.

ముగ్గురూ ఆగిపోయారు. అత్తమ్మ చెయ్యి గాల్లోనే నిలిచింది. గోడకానుకున్న రోగి కూడా, ఏదో మిషను ఆపబోతున్నట్టు చెయ్యి చాపాడు. నేను సాంచా ముందు ఒక్కరోజు నిలబడలేదు. ఆ సైగ వాళ్లను చూసి నేర్చుకున్నదే.

"కిరోసిన్ పెడ్తె మందు ఇంకింత తోలు లోపటికి పోతది," అన్నాను. "సబ్బు, నీళ్లు. తాగనీకి ఏమియ్యొద్దు. కక్కియ్యొద్దు."

పాపను అత్తమ్మకిచ్చి, తలుపు దగ్గర గాలిలో కూర్చోమన్నాను. నేనూ మా ఆయనా చేతులకు బెండకాయలు తెచ్చిన ప్లాస్టిక్ సంచులు తొడుక్కున్నాం. చొక్కాను తల మీదుగా లాగితే మొహానికి అంటుతుందని, కత్తెరతో ముందు నుంచి కత్తిరించి తీశాం. బాత్రూంలో కూర్చోబెట్టి తల వెంట్రుకలు, చెవుల వెనక, గోళ్ల సందులు, అన్నీ సబ్బుతో కడిగాం. నీళ్లు పోస్తూనే ఉన్నాం.

"వదినె, నువ్వు జర బయటికి పో. లాగు ఇప్పాలె. సిగ్గైతంది," అన్నాడు, మాటలు ముద్దముద్దగా.

"సచ్చేటోనికి సిగ్గేందిరా," అంది తలుపు దగ్గర్నుంచి అత్తమ్మ. అని, తన నోటి నుంచి వచ్చిన మాట తానే విని, ఏడుపు అందుకుంది.

నేను బయటికి వచ్చాను. వీధిలో ఒకే ఒక ఆటో, వేపచెట్టు కింద. డ్రైవర్ గుజరాతీ పెద్దమనిషి. మా ఆయన తడి మనిషిని భుజాన వేసుకుని రావడం చూసి ఇంజన్ స్టార్ట్ చేసి పారిపోబోయాడు.

"కరోనా?"

"నహీ చాచా. జహర్ హై. ఖేత్ కా జహర్," అన్నాను, పొలంలో కొట్టే విషమని.

ముందే చెప్పొద్దా అన్నట్టు అతని మొహం వికసించింది. "జహర్? అరే, పెహలే బోల్నా థా. బైఠో, బైఠో."

విషమని తెలిసి ఒక మనిషి అంత సంతోషించడం నేను ఎప్పుడూ చూడలేదు. దారిలో ఆపిన పోలీసుకు కూడా అతనే తల బయటపెట్టి "కరోనా నహీ సాహెబ్, సిర్ఫ్ జహర్ హై" అని, ఉత్త విషమేనంటూ ధైర్యం చెప్పాడు. వెనక సీట్లో మరిదిని పక్కకు తిప్పి, నోట్లో ఊరేది బయటికి కారేలా పట్టుకుని కూర్చున్న నాకు నవ్వు వచ్చింది. ఆపుకున్నాను. మళ్లీ వచ్చింది. మా ఆయన నా వైపు భయంగా చూశాడు. నాకూ మందు అంటిందనుకున్నాడట.

నిజానికి అది ఒక రకమైన తేలికదనం. నా భయాలన్నీ అప్పటిదాకా జరగని వాటి గురించే. ఒకటి నిజంగా జరిగేసరికి, చెయ్యాల్సిన పని చేతుల్లోకి వచ్చేసరికి, భయపడడానికి చోటే లేకపోయింది. అతను ఊపిరి తీసినప్పుడల్లా నేను వింటున్నాను. ఊపిరి ఆగితే ఏం చేయాలో తెలుసు. ఆగకూడదని మాత్రమే కోరుకుంటున్నాను.

ఆసుపత్రి గేటు దగ్గర దగ్గు విని మమ్మల్ని జ్వరాల వరుసలోకి పంపబోయారు. నేను ప్లాస్టిక్ సంచిలో చుట్టిన సీసాను పైకెత్తి పట్టుకున్నాను. అది చూసి డాక్టరమ్మ తానే పరుగెత్తుకొచ్చింది. నిలువెల్లా తెల్లటి సూటులో ఆమె కళ్లు మాత్రమే కనిపించాయి. సీసా మీది పేరు చదివింది, అతని కళ్లు చూసింది, ఇంకేం అడగలేదు. ఏ మందో తెలియక చాలామంది వట్టి చేతులతో వస్తారని తర్వాత చెప్పింది. నూనె సీసా కోసం మావాడి కక్కుర్తి అలా పనికొచ్చింది. లోపలికి ఒక్కరే రావాలంటే మా ఆయన నన్ను పంపి, గేటు దగ్గర నిలబడ్డాడు.

సూది మీద సూది వేశారు. ఆ విషానికి విరుగుడు, అట్రోపిన్ అట. గొంతులో గరగర ఆగాలి, నోరు ఎండాలి, కంటిపాపలు విచ్చుకోవాలి, అప్పటిదాకా వేస్తూనే ఉంటామన్నారు. నేను మంచం పక్కన నిలబడి కంటిపాపలనే చూశాను. గరగర మెల్లగా తగ్గింది. ఆ చుక్కలు గింజలయ్యాయి. గింజలు ఇంకొంచెం విచ్చాయి.

అప్పుడు మా మరిది లేచి కూర్చుని గాలిలో పోగులు ఏరడం మొదలుపెట్టాడు. చూపుడువేలు, బొటనవేలు కలిపి జాగ్రత్తగా పట్టుకోవడం, ముడి వేయడం, కొస తెంపడం. మొహం ఎర్రగా కందింది. పక్కన నిలబడ్డ తెల్ల సూటు నర్సును కింది నుంచి పైదాకా చూసి, నాతో అన్నాడు:

"వదినె, గీ తాకా ఎవలు నేసిండ్రు? మస్తు సాఫుగున్నది. మడత పెట్టుండ్రి, మాసిపోతది."

తాకా అంటే సాంచా మీద నుంచి దిగిన బట్ట చుట్ట. నర్సు నన్ను ఏమన్నాడని అడిగింది. చెప్పాను. సూటు లోపల ఆమె భుజాలు నవ్వుతో అదరడం చూశాను. ఇది మందు ప్రభావమేనని, కొంచెం మతి తప్పడం మామూలేనని, డోసు తగ్గిస్తారని చెప్పింది. నేను వరండాలోకి వచ్చి గోడ పట్టుకుని నవ్వాను. నవ్వుతుంటే పాలు పొంగి రవిక తడిసింది. పాపకు పాల వేళ దాటిపోయింది. అయినా నవ్వు ఆగలేదు.

అత్తమ్మకు ఫోన్ చేశాను. "మందు పనిచేస్తున్నది అత్తమ్మ. పిచ్చి పిచ్చి మాట్లాడుతుండు."

"వాడు ఎన్నడు సక్కగ మాట్లాడిండు బిడ్డా?" అంది ఆమె ఏడుస్తూనే. "ఇంకేమన్న గుర్తు చెప్పు."

"మంచినీళ్లు అడుగుతుండు. నోరు ఎండిందట."

అటువైపు ఏడుపు ఆగింది. తర్వాత ఆమె పాపతో చెప్పడం వినిపించింది, "మీ బాబాయికి దూపైతందట." అలా ఒక మనిషికి దాహం వేసిందని మా ఇంట్లో పండగ జరిగింది. అదే టెంపోలో వచ్చిన మిగతావాళ్లకు కూడా చెప్పించాను, బట్టలు మార్చి సబ్బుతో స్నానం చేయమని, తల తిరిగినా చూపు మసకేసినా ఆగకుండా రమ్మని. ఒకాయన భయపడి మా వీధి మొత్తం సబ్బు నురగ పారేంత స్నానం చేశాడట.

డాక్టరమ్మ మాత్రం తొందరపడవద్దంది. ఒకసారి తేరుకున్నా మళ్లీ ఊపిరి బలహీనపడవచ్చని కొన్నాళ్లు ఉంచుకుంది. ఆ రోజుల్లో నేను నవ్వలేదు. ఇంటికి వచ్చినప్పుడు చిక్కిపోయి ఉన్నాడు. పాప అతన్ని గుర్తుపట్టి స్టీలు గ్లాసు తెచ్చి ఒళ్లో పెట్టింది. పొలం పనికి మళ్లీ పోలేదు. ఆ సీసాను ఆసుపత్రివాళ్లే ఉంచేసుకున్నారు. "మూతి మాత్రం మంచిగుండె," అని ఇప్పటికీ అంటాడు. అన్నప్పుడల్లా అత్తమ్మ అతని వీపు మీద ఒకటి వేస్తుంది.

ఒక అలవాటు మాత్రం మిగిలిపోయింది. లైటు వేసేముందు, గదిలో కొంచెం నీడ ఉన్నప్పుడు, నేను పాప కళ్లు చూసి, అతని కళ్లు చూసేదాన్ని. మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత తానే పాపను చంకనేసుకుని వచ్చి నిలబడేవాడు. "వదినె, హాజరీ తీస్కో. ఇద్దరం అచ్చినం."

సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. ఇప్పుడు రాత్రి, ఇది రాస్తుంటే, కింద అవి నడుస్తున్నాయి. పాప ఆదమరిచి నిద్రపోతోంది. అతనిది ఈ వారం రాత్రి పాళీ. అన్నం గిన్నె ఇవ్వడానికి ఇందాక కార్ఖానా గడప దాకా వెళ్లాను. ఎట్లున్నవ్ అని అడిగితే వినపడదు కదా. అతను నన్ను చూసి, పోగు ముడేసిన చేత్తోనే కింది రెప్పను లాగి, కన్ను పెద్దగా తెరిచి చూపించాడు. పక్క సాంచా మీదున్నాయన కూడా చూపించాడు. ఆ వెనకున్నాయన కూడా.

బాగున్నానని చెప్పడానికి ఇప్పుడు అక్కడ అదే సైగ.