స్విచ్‌లో ఎవరి మాట ముందు

మాదాపూర్‌లోని మా ఆఫీసులో నా ఉద్యోగం నెట్‌వర్క్ స్విచ్‌లకు మర్యాద నేర్పడం. ముందు ఫోన్ మాటను పోనివ్వాలి, తర్వాత వీడియోను, ఆ తర్వాతే మెయిళ్లూ ఫైళ్లూ. మెయిల్ కాస్త ఆలస్యమైతే ఎవరికీ తెలియదు. మాట ఆలస్యమైతే అది మాటే కాదు. అందుకే స్విచ్‌లో మాట కోసం చిన్న దారి ఒకటి అట్టిపెడతాం. అందులోకి ఇంకెవరినీ రానివ్వకూడదు. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది నేనే.

ఒకసారి క్లయింట్లతో మాట్లాడుతుండగా మా డైరెక్టర్ గారి ముఖం తెర మీద నోరు తెరిచి ఆగిపోయింది. ఆగడానికి అంత మంచి భంగిమ కాదు. మర్నాడు ఆయన స్వయంగా నా బల్ల దగ్గరికి వచ్చి "జర చూడండి" అన్నారు. ఆయన స్వయంగా రావడంతోనే నా చదువు సగం పోయింది. ఆయన గది వీడియోను తీసుకెళ్లి మాట దారిలో పెట్టేశాను. సందులో లారీ దూరితే మిగతావాళ్లు గోడకు అతుక్కోవాల్సిందే. ఆయన ముఖం మాత్రం హాయిగా కదిలింది. అందరూ చూస్తుండగా నా భుజం తట్టారు.

అదే అంతస్తులో కస్టమర్లతో ఫోన్లో మాట్లాడే అమ్మాయి ఒకతె ఉండేది. సిద్దిపేట వైపు నుంచి వచ్చి, బోరబండలో కిరాయికుంటోంది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఆ రోజుల్లోనే ఫోన్లలో మాట తెగడం మొదలైంది. మిగతావాళ్ల మాట తెగితే కస్టమర్లు లైన్‌ను తిట్టారు. ఈమె మాట తెగితే, యాస విని, ఈమెను తిట్టారు. మా వాళ్లు బాగా ఆలోచించి ఆమెను ఇంగ్లీషు ఉచ్చారణ శిక్షణలో చేర్చారు.

శిక్షణతో ఏమీ మారలేదు. ఆమెను ఉంచాలా, పంపాలా తేల్చడానికి మేనేజర్ మీటింగ్ పెట్టి, స్పీకర్లు తగిలించమని నన్ను పిలిచారు. ఆమె కాల్ రికార్డింగ్ వినిపించారు.

"పదం చివర మింగేస్తున్నావమ్మా" అంది శిక్షణ ఇచ్చే మేడమ్.

"మింగుతలేను మేడమ్. మొత్తం అంటున్న."

"మరి వినపడాలి కదా."

నాకు వినపడింది. మనిషి మింగితే అక్షరం మెత్తబడుతుంది. ఇక్కడ కత్తెరతో కోసినట్టు పోతోంది. అది ఆమె గొంతు కాదు, నా స్విచ్. నోరు తెరిచాను. డైరెక్టర్ గారి పేరు బయటికొస్తుందని గుర్తొచ్చి, "లైన్ కూడా ఒకసారి చూద్దామండి" అన్నాను. ఎవరికీ వినపడకుండా అనడం కూడా ఒక కళే. మేనేజర్ ఇంకో వారం చూద్దామన్నారు.

వెంటనే వెళ్లి డైరెక్టర్ గారి వీడియోను మళ్లీ దాని దారిలోకి పంపేశాను. ఆ వారం ఆమె మాట శుభ్రంగా వినపడింది. శిక్షణ మేడమ్‌ను అందరూ మెచ్చుకుని చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఈలోగా డైరెక్టర్ గారి ముఖం మళ్లీ ఆగింది. "మొన్నటిదాకా బాగుంది కదండీ, అలాగే పెట్టేయండి" అన్నారు మేనేజర్. అలా పెడితే ఆ అమ్మాయి మాట మళ్లీ తెగుతుంది, ఉద్యోగం పోతుంది. మేనేజర్‌కు చెప్పడం కన్నా ఆమెకు చెప్పడమే తేలిక అనిపించింది. టీ కొట్టు దగ్గర అంతా చెప్పేశాను.

ఆమె గ్లాసు పక్కన పెట్టింది. "నా నోరే సక్కగ లేదనుకున్న అన్నా. ప్రాక్టీసని మా అమ్మతోని గూడ ఇంగ్లీషులనే మాట్లాడుతున్న. ఆమెకేం సమజైతలేదు, పరేషాన్ అయితుంది."

నేను నవ్వబోయి ఆగాను.

"ఆ దినం నువ్వు రూంలనే ఉన్నవ్ గదా?"

"ఉన్నాను."

"మరి నాకెందుకు చెప్తున్నవ్? ఆ రూంల చెప్పు."

చెప్పాను, అదే గదిలో, ఆమె ముందే. శిక్షణ మేడమ్ కిటికీ వైపు చూసింది. మేనేజర్ కళ్లజోడు తీసి తుడుచుకుని, "డైరెక్టర్ గారికి ఏం చెప్పమంటారండీ?" అన్నారు. ఆ గదిలో మొదటి ప్రశ్న ఆయన గురించే.

"వీడియో ఇక ఆ దారిలో పెట్టనన్నానని నా పేరే చెప్పండి" అన్నాను.

ఆమె ఉద్యోగం ఖాయమైంది. ఇప్పుడు లిఫ్టులో ఎదురైతే "నమస్తే సార్" అంటుంది. అన్నా అని పిలవమని అడగొచ్చు. అడిగే మొహం నాకు లేదు.