పండు వాసన కొట్టిన బ్రెడ్డు

బేకరీ ఆయన బ్రెడ్డు కోసి ముక్కలు విడదీశాడు. రెంటి మధ్యా సాలీడు దారాల్లా తీగలు సాగాయి. నిన్న కాల్చిన బ్రెడ్డే. పైకి బంగారం రంగు, లోపల జిగురు. బాగా ముగ్గిన ఖర్బూజా వాసన గుప్పుమంది.

"మళ్ళీనా?" అంది భార్య, మోకాళ్ళు నొక్కుకుంటూ.

"మళ్ళీనే."

మీసం మొలిచినప్పట్నుంచీ కోడికన్నా ముందు లేస్తున్న మనిషి. పిండి పిసికి పిసికి భుజాలు జారిపోయాయి. ఈ మధ్య నిద్ర లేస్తూనే అలసిపోయి లేస్తున్నాడు.

ఆసుపత్రి వంటశాలకి రోజూ బ్రెడ్డు వేసేది ఆయనే. ఆ బేరం ఉంటే బట్టీ వెలుగుతుంది, లేకపోతే తాళమే. వంటశాల పెద్దావిడ మొహమాటం లేకుండా చెప్పేసింది. "రోగులకి పెట్టేది అన్నయ్యా. ఇంకొక్కసారి తీగ సాగిందంటే ఇటు రాకు. తరవాత నన్ను తిట్టుకోకు."

పక్క కొట్టు పళ్ళ బావది. చుట్టరికమేం లేదు, ఎకసెక్కాలతో కలిసిన వరస. పొద్దున్నే ఒకరినొకరు నాలుగు మాటలనుకోకపోతే ఇద్దరికీ తిన్నదరిగేది కాదు. వానలు పట్టి ఉక్క మొదలయ్యాక బ్రెడ్డుకి పండు వాసన వచ్చింది. పండు వాసన ఎక్కణ్ణుంచొస్తుంది? పళ్ళ కొట్లోంచే. బేకరీ ఆయన ఇంకో ఆలోచన చెయ్యలేదు. నలుగురిలో నిలబెట్టి కడిగేశాడు.

"నీ కుళ్ళు బుట్టల గాలి నా పిండికి కొడుతోంది బావా!"

"నా పళ్ళు కుళ్ళితే నేనే తింటాను. నీ బ్రెడ్డు కుళ్ళితే మంచం పట్టినోళ్ళు తింటున్నారు," అన్నాడు బావ.

మాటా మాటా పెరిగింది. మర్నాటికి రెండు కొట్ల మధ్యా బావ అడ్డంగా రేకు లేపాడు. రేకు లేచింది గానీ వాసన మాత్రం పోలేదు.

ఆ సంగతి ముందు పట్టుకున్నది భార్యే. మేనకోడలికి ఫోన్ చేసి పిలిపించింది. తినే వస్తువులు పరీక్ష చేసే ల్యాబులో ఆ పిల్ల పనిచేస్తుంది. వస్తూనే ముక్క తుంచింది, తీగ సాగదీసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మావయ్యా, ఇది పళ్ళ వాసన కాదు. నీ బ్రెడ్డు వాసనే. దీన్లో బ్యాక్టీరియా చేరింది."

"బట్టీలోకి పోయినది బతుకుతుందిటే?"

"బట్టీ వేడి పై చెక్కుకే. నడిమధ్యన మరిగే నీళ్ళంత వేడి కూడా ఉండదు. ఇదేమో గడ్డుకాలం వస్తే లోపల గింజలాంటిది కట్టుకుంటుంది. దాని చుట్టూ గట్టి పెంకు. పాత ఒళ్ళు వదిలేసి ఆ గింజగా మిగులుతుంది. తినదు, పెరగదు, ఉడికించినా ఉలకదు. బ్రెడ్డు దిగి గోరువెచ్చగా, చెమ్మగా అయ్యిందా, పెంకు పగలగొట్టుకుని లేస్తుంది."

"అదృష్టజాతకం," అన్నాడాయన. "నాకూ ఒక పెంకుంటే పడుకుందును."

"మీకు లేకనా? నేను పిలిస్తే ఎప్పుడైనా వినపడిందా?" అంది భార్య. మేనకోడలి వైపు తిరిగి, "మరి కాల్చిన రోజు బాగుండి తెల్లారేసరికి పాడవుతుందేమే?" అంది.

"ఒంటరిగా ఉన్నప్పుడు గుట్టుగా ఉంటుందత్తయ్యా. ఒక్కొక్కటీ ఏదో రసం వదుల్తూ ఉంటుంది, వాటి మాటలు అవే. మంది పెరిగేకొద్దీ ఆ రసం చిక్కబడుతుంది. ఓహో, మనం చాలామందిమి అని తెలుస్తుంది. అప్పుడు అన్నీ ఒక్కసారే బ్రెడ్డుని కరిగించడం మొదలెడతాయి."

"మగాళ్ళలాగే. ఒక్కడుంటే పిల్లి, నలుగురు చేరితే పులి."

ఆయనకి నవ్వు రాలేదు. నలుగురిలో తను పులి అయిన రోజు గుర్తొచ్చింది.

"మిగిలిపోయిన బ్రెడ్డు ఏం చేస్తున్నావు మావయ్యా?"

ఎండబెట్టి, పొడి కొట్టి, మర్నాటి పిండిలో కలిపేస్తాడు. తిండి పారేస్తే కళ్ళు పోతాయని తండ్రి నేర్పిన పని.

"అంటే రోజూ నీ చేత్తోనే విత్తనాలు చల్లుతున్నావు."

"మా నాన్నా చల్లాడుగా! ఆయన బ్రెడ్డు ఎన్నడూ తీగ సాగలేదే!"

"తాతయ్య ఈస్టు వేసేవాడా?"

లేదు. కుండలో పులిసిన పిండి ఉండేది. రోజూ దానికి కొంచెం పిండీ నీళ్ళూ పోసి సాకేవాడు. భుజాలు మొరాయించాక, ఆ చాకిరీ చెయ్యలేక, చప్పున పొంగుతుందని ఈయనే ఈస్టుకి మారాడు.

"ఆ కుండలో ఉన్నవీ బ్యాక్టీరియాలే, పులుపు చేసేవి. అవి పక్కనుంటే ఈ గింజలు తల ఎత్తలేవు. పులుపు వీటికి పడదు. పాత పొడి మానెయ్. బల్లలు, ట్రేలు వెనిగర్‌తో కడుగు. పులిసిన పిండి మళ్ళీ పెట్టు. కాకపోతే అది తయారవడానికి వారం పైన పడుతుంది."

ఆసుపత్రి వారం ఆగదు. ఆయన మైదా బస్తా మీద కూలబడ్డాడు.

భార్య నెమ్మదిగా అంది. "మన కుండ చావలేదు. పక్కింటి చెల్లి కాపరానికొచ్చిన కొత్తలో నేనే చారెడు పిండి ఇచ్చాను. ఇంట్లో రొట్టెకి ఇప్పటికీ అదే వాడుతోంది."

పక్కింటి చెల్లి అంటే పళ్ళ బావ పెళ్ళామే. బేకరీ ఆయన బస్తా మీంచి లేచాడు. చేతులు దులుపుకుని, రేకు చుట్టూ తిరిగి అటు వెళ్ళాడు.

బావ జామపళ్ళు పేరుస్తున్నాడు. తలెత్తకుండానే, "ఏం, మళ్ళీ వాసనొచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది. నాదే."

బావ చెయ్యి ఆగింది.

"నీ పళ్ళది కాదు బావా, నా బ్రెడ్డుదే. ఆ రోజు నలుగురిలో అన్నాను. కావాలంటే ఆ నలుగుర్నీ పిలుచుకొచ్చి మళ్ళీ చెప్తాను."

"వద్దులే. ముందు కూర్చో, పడిపోయేట్టున్నావు."

"చెల్లెమ్మ దగ్గర మా పాత పిండి ఉందట. చారెడు కావాలి."

"ఊరికే ఇస్తానా? ఆ రేకు నువ్వే పీకాలి. పెట్టినప్పుడే నా నడుం పట్టేసింది."

పాత పొడి మాని, బల్లలు కడిగి, తెచ్చిన చారెడు పిండిని రాత్రంతా సాకి పెంచారు. ఆ పిండితో కాల్చిన బ్రెడ్డు ఒకటి పక్కన ఉంచి, మర్నాడు బావ ముందే కోశారు. తీగ లేదు. కాస్త పులుపు వాసన, అంతే. ఆసుపత్రిలో పెద్దావిడ వేళ్ళతో లాగి, నొక్కి, మళ్ళీ లాగి చూసింది. "రేపూ తీసుకురా అన్నయ్యా," అంది.

ఇంటికొచ్చి బస్తాల మీద ఒళ్ళు వాల్చాడో లేదో భార్య తట్టింది. "లేవండి, పిండికి ఆకలేస్తుంది."

"ఇది పెంకు కట్టుకోదా?"

"కట్టుకోదట. రోజూ పెట్టకపోతే చస్తుందట."

"నాలాంటిదే," అనుకుంటూ లేచి కుండ మూత తీశాడు.