ఎవరిని తన్నమన్నాడు

మా బావ కుళందైసామికి చెవులు రెండున్నాయి గానీ, ఆ రెండూ మరమగ్గాలకు రాసిచ్చేశాడు. విరుదునగర్ శివారులో పన్నెండు మగ్గాల షెడ్డు ఒకటుంది. ముప్పై నాలుగేళ్ళుగా అందులోనే నేస్తున్నాడు. ఆ చప్పుడులో పక్కవాడికి మాట వినిపించాలంటే అరవాల్సిందే. అలా అరిచి అరిచి మెల్లగా మాట్లాడటమే మరిచిపోయాడు. మంచినీళ్ళడిగినా మీదికి పోట్లాటకొచ్చినట్టే ఉంటుంది.

ఎదుటివాళ్ళు చెప్పేది మాత్రం ఆయనకు వినపడదు. వినపడలేదని చెప్పుకోవడానికి సిగ్గు. అందుకని ఎవరేమన్నా తల ఊపుతాడు. ఆ తలూపుడు పట్టుకొని మేం ఆయన్ని ఎంత ఆటపట్టించామో! "బావా, నీకింకో పెండ్లి సేద్దామా?" అని అడిగితే గంభీరంగా తలూపేవాడు. ఆయన భార్య, అంటే మా చెల్లెలు జానకియమ్మాళ్, చీపురు అందుకునేది. అందరం పడీపడీ నవ్వేవాళ్ళం. ఇప్పుడా నవ్వు తలుచుకుంటే నామీద నాకే రోత పుడుతుంది.

ఆయనకు లోకంలో ఒక్కటే సరదా, కూతురు ఇళవరసి ఆట. ఆ పిల్ల కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ముందువరసలో ఆడుతుంది. ఎక్కడ ఆట ఉన్నా బావ షెడ్డు మానేసి వెళ్ళేవాడు. ఆట చూడటానికి చెవులతో పనేముంది? మావాళ్ళందరికీ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బావా అంతే. కానీ ఇళవరసి కాలికి బంతి అందిందంటే ఆ గడప ఎక్కడుందో ఆయనకు గుర్తుండేది కాదు. "తన్నురా! తన్నురా కన్నా!" అని ఇంటి మాట మైదానమంతా మోగేది. కూతుర్ని పుట్టిననాటినుంచీ 'రా' అనే పిలుస్తాడు.

ఈ ఏడు ఆగస్టులో మా కోవిల్‌పట్టిలో ఆడపిల్లల ఫుట్‌బాల్ పోటీ పెట్టారు. ఇళవరసి జట్టు వచ్చింది, వెంట బావా వచ్చాడు. పెట్టినాయన నేను మేస్త్రీగా పనిచేసే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ యజమాని, మా ముదలాళి. ఆయన మా పనివాళ్ళలో ఇరవైమందికి నారింజరంగు చొక్కాలు, విజిళ్ళు ఇచ్చి జనాన్ని అదుపు చెయ్యమన్నాడు. గొడవ జరిగితే బాధ్యత మీదేనన్నాడు. చొక్కా తొడుక్కోగానే మాకూ కొమ్ములు మొలిచాయి. టికెట్టు కొనుక్కొని వచ్చిన మనుషుల్ని గొర్రెల్లా తాళ్ళ వెనక్కి తోశాం. దాహమేస్తోంది, నీళ్ళు తాగి వస్తామన్నవాళ్ళనీ కదలనివ్వలేదు. మా వెనక లాఠీలతో పోలీసులు నిలబడ్డారు.

రెండో సగంలో రిఫరీ ఇవ్వాల్సిన పెనాల్టీ ఇవ్వలేదు. జనం లేచి అరిచారు. అరిచారు, అంతే. ఒక్క రాయి పడలేదు, ఒక్క చెయ్యి లేవలేదు. ఇన్‌స్పెక్టరు మైకులో అందరినీ కూర్చోమన్నాడు, కూర్చున్నారు. మా బావ దగ్గర ఆ మైకు చెవిటివాడి ముందు శంఖమే అయింది. పైగా సరిగ్గా అప్పుడే బంతి ఇళవరసి కాళ్ళ దగ్గరికొచ్చింది. కూర్చున్న జనం మధ్య ఆయనొక్కడే నిలబడి, చెయ్యెత్తి, "తన్నురా! తన్నురా!" అని అరుస్తున్నాడు.

మొదటి లాఠీ దెబ్బ భుజంమీద పడింది. ఎవరో పిలుస్తున్నారనుకున్నాడేమో, వెనక్కి తిరిగి తలూపాడు. ఆ తర్వాత ఎన్ని పడ్డాయో నేను చూడలేకపోయాను. కిందపడినా వదల్లేదు. అడ్డం వచ్చినవాళ్ళనూ కొట్టారు. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన తల పగిలింది. ఆ తోపులాటలో ఒక కానిస్టేబులు జారిపడి చెయ్యి విరిగింది. దాంతో పోలీసులకు ఒక కారణమూ, ఒక నేరస్తుడూ కావాల్సొచ్చింది.

ఇన్‌స్పెక్టరు నారింజ చొక్కాల వైపు తిరిగాడు. "ఈ ముసలోడు ఏదో భాషలో అరిచాడే, మీలో ఎవరికైనా తెలుసా?" అని తమిళంలో అడిగాడు.

"మన ముత్తురామన్‌కు తెలుసు సార్" అని నన్ను ముందుకు తోశారు.

"ఏమని అరిచాడు?"

"ఉదై అని సార్" అన్నాను. తమిళంలో ఉదై అంటే మన తన్ను. బంతికీ అదే మాట, మనిషికీ అదే మాట.

"యారై?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఎవరిని?

బంతిని అని చెప్పాలి. మా ఇళ్ళల్లో పందు అంటాం, తమిళంలోనూ పందే. రెండక్షరాలు. కానీ ఇన్‌స్పెక్టరు పక్కనే మా ముదలాళి నిలబడి నన్నే చూస్తున్నాడు. ఈ కొట్టించుకున్నవాడు నా బావేనని తెలిస్తే నా పని ఊడుతుందనిపించింది. మెడలో విజిలు పట్టుకొని నేల చూశాను. నేను చెప్పనిదాన్ని ఇన్‌స్పెక్టరే పూరించుకున్నాడు. పోలీసులను తన్నమని జనాన్ని ఉసిగొల్పాడని రాసి, బావను జైలుకు పంపాడు.

మర్నాటి నుంచి జానకి రోజూ తొలి బస్సుకు విరుదునగర్ నుంచి వచ్చి మా గుమ్మంలో కూర్చునేది. తిట్టినా బాగుండేది, తిట్టలేదు.

"ఒగ మాట సెప్పున్నా. కోర్టుకొచ్చి పందు అని ఒగ మాట సెప్పు, సాలు. ఆయినకి జెయిల్లో ఏమీ వినబడలే. ఎవురేమన్నా తల ఊపతా ఉండారంట. అన్నం వద్దా అన్నా ఊపతారంట. పస్తులుంటా ఉండారన్నా."

"ముదలాళిని అడిగి సెప్తాలే, పో" అనేవాణ్ణి. అడగలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చినవాణ్ణి నేను, ఇంకెవరూ కాదు.

ఇరవయ్యో రోజున కోర్టు. దానికి ముందురోజు తల్లికి బదులు ఇళవరసి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మా నాయిన ఎవుర్ని తన్నమన్నారో నీకు తెలుసు గదా మామా" అంది. అంతే, వెళ్ళిపోయింది.

పని పోతే పోనీ అనుకున్నాను. పొద్దున్నే అందరికంటే ముందు కోర్టులో కూర్చున్నాను. బావను తీసుకొచ్చారు. మనిషి సగమయ్యాడు, చేతికి కట్టు. నన్ను చూసి సంతోషంగా నవ్వాడు. ఆ నవ్వు నేను తట్టుకోలేకపోయాను. బావ వకీలు పక్క కోర్టులో ఇంకో కేసులో ఇరుక్కుపోయాడు. న్యాయమూర్తి కాగితం చదువుకొని, తలెత్తకుండానే బావను అడిగాడు, నేరం ఒప్పుకుంటున్నావా అని.

"ఊపొద్దు బావా!" అని నేను లేచేలోపే బావ తలూపాడు. ఇంకో పెళ్ళికి ఊపినంత గంభీరంగా ఊపాడు.

"అయ్యా, పందు! పందును తన్నమన్నాడయ్యా, కన్నకూతురితో అన్నాడు!" అని గొంతు చించుకున్నాను. బంట్రోతు వచ్చి నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు. ఒప్పుకున్నవాడికి సాక్షి దేనికన్నారు. మూడు నెలలు వేశారు. వకీలు అప్పుడు పరుగెత్తుకొచ్చి, అప్పీలు వేయొచ్చుగానీ అది విచారణకొచ్చేసరికి మూడు నెలలూ గడిచిపోతాయన్నాడు.

నా పని పోలేదు. చెప్పుకోవడానికే సిగ్గేస్తోంది. అరిచింది నా బావేనని తెలిశాక కూడా ముదలాళి "అట్లాగా" అని ఊరుకున్నాడు.

నిన్న విరుదునగర్ వెళ్ళాను. షెడ్డులో బావ నిలబడే చోట ఇళవరసి నిలబడి ఉంది. మనిషి లేకపోతే ఆ మగ్గాలు వేరేవాళ్ళకిచ్చేస్తామన్నారట, కాలేజీ మానేసింది. ఆమె ముందుకెళ్ళి, ఆ రోజు భయపడ్డాననీ, మాట గొంతుదాకా వచ్చిందనీ చెప్పాను. "పందుని! మీ నాయిన పందుని తన్నమన్నాడు!" అని అరిచాను. పన్నెండు మగ్గాలూ ఆడుతున్నాయి. ఆ పిల్ల తెగిన దారం ముడివేస్తూ ఒక్కసారి నా నోటివంక చూసింది. నేనన్నది ఆమెకు వినపడలేదు. తల ఊపింది.