బాబాయి ఊళ్ళో ఇప్పుడు వాన

"మెట్ల మీద ఈ నీళ్ళేంటి మాస్టారూ?"

"గొడుగు కారిందండీ."

"గొడుగెందుకు తడిసింది?"

"వాన పడితే తడవదా మరి?"

"వాన ఎక్కడుందండీ? మా ఆవిడ ఆరేసిన దుప్పట్లు అప్పడాల్లా అయిపోతేనూ!"

"ఇక్కడ కాదండీ. మా ఊళ్ళో."

"ఏ ఊరండీ మీది?"

"ఈ వారం వానల ఊరు. పోయిన వారమంతా మా ఊళ్ళో ఎండే. అప్పుడు మీరేమైనా అన్నారా?"

కాలేజీ మానేసి, ఆ ముక్క మా నాన్నకి చెప్పే ధైర్యం లేక, భుజాన సంచితో బాబాయి ఇంటికొచ్చిన నేను మెట్ల మధ్యలోనే ఆగిపోయాను. పైన ఇంటి ఓనరు తల పట్టుకుని ఉన్నాడు. ఎదురుగా బాబాయి, నిక్కరు మీద వానకోటు వేసుకుని, నీళ్ళోడుతున్న గొడుగుతో దర్జాగా నిలబడి ఉన్నాడు. గొడుగు స్నానాల గదిలో బకెట్లో తడిసిందని తర్వాత తెలిసింది.

మా బాబాయికున్న పిచ్చి ఒక్కటే. విదేశాల్లో ఏ ఊళ్ళో మకాం పెట్టి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే సుఖమో పోల్చి చూడడం. ఈ పోల్చే జనం లోకంలో బోలెడుమంది ఉన్నారు. వాళ్ళు అద్దెలు చూస్తారు, ఇంటర్నెట్ వేగం చూస్తారు, ఊరుకుంటారు. బాబాయి అలా కాదు. ఇల్లు కదలకుండానే ఆ ఊళ్ళో కాపురం పెట్టేస్తాడు. ఆ ఊరి గడియారం ప్రకారం లేస్తాడు, ఆ ఊరి గడియారం ప్రకారం తింటాడు, ఆ ఊరి వాతావరణానికి తగ్గట్టు తుమ్ముతాడు.

"నీకు పాస్‌పోర్టు కూడా లేదు కదా బాబాయ్" అన్నాను.

"ఇల్లు కుదరకుండా ఎవడైనా తాళంకప్ప కొంటాడట్రా?" అన్నాడు.

ఆయన ఉద్యోగం పరుపులు అమ్మే కంపెనీలో. నిద్ర పట్టడం లేదని దేశదేశాల నుంచి వచ్చే ఫిర్యాదులకి జవాబులు రాయాలి. కొన్నవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు కాబట్టి ఏ వేళప్పుడు రాసినా ఎవరో ఒకరు మంచం మీద దొర్లుతూనే ఉంటారు. ఆ రాసే మనిషి ఎప్పుడు నిద్రపోతాడో మాత్రం ఎవరికీ తెలియదు.

నేను దిగిన మూడోనాడు వానల ఊరు ఖాళీ చేసి ట్రాముల ఊరు వెళ్ళాం. వెళ్ళాం అంటే, హాల్లో ఒక స్పీకరు పెట్టి గంట మోగించడం మొదలుపెట్టాడు. గంట మోగినప్పుడల్లా "తప్పుకో రా, ట్రాం!" అని అరిచేవాడు. మొదటి రోజు నవ్వాను. రెండో రోజు తిట్టాను. నాలుగో రోజు ఆయన అరవకముందే గోడకి అతుక్కుపోవడం అలవాటైంది.

ఆ తర్వాత చలి ఊరు. చేతులకి ఉన్ని తొడుగులు వేసుకుని, అక్షరాలన్నీ తప్పుల తడకగా టైపు చేశాడు. ఆ జవాబు అందుకున్న ఒకాయన, తన నడుంనొప్పి సంగతి వదిలేసి, "అయ్యా, మీరు క్షేమమేనా?" అని తిరిగి రాశాడు.

పిన్ని ఆసుపత్రిలో నర్సు. కొన్నాళ్ళు పగలు, కొన్నాళ్ళు రాత్రి, డ్యూటీకి ఒక పద్ధతంటూ లేదు. ట్రాముల ఊళ్ళో ఉండగా ఆవిడ పొద్దున్నే, పాలవాడితోపాటు ఇల్లు చేరేది. చెప్పులు విప్పుతూ అడిగేది.

"ఇవాళ ఎక్కడున్నారండీ?"

"ట్రాముల ఊళ్ళోనే."

"అక్కడిప్పుడు ఎంతయింది?"

"రాత్రి భోజనాల వేళ. సరిగ్గా టైముకొచ్చావు, చేతులు కడుక్కుని రా."

కిటికీలోంచి లేత ఎండ పళ్ళేల మీద పడుతుండేది. పిన్ని నాకేసి చూసి, కణత దగ్గర వేలు గిరగిరా తిప్పి, ఆయన పక్కనే కూర్చుని కడుపునిండా తినేది. తింటూ ఆసుపత్రి కబుర్లన్నీ చెప్పేది. ఆయన తన ఊరి కబుర్లు చెప్పేవాడు. ఆవిడవి నిజాలు, ఈయనవి కోతలు.

ఇలా ఉండగా కంపెనీ మేనేజరమ్మకి ఓపిక అయిపోయింది. "మీరు ఎప్పుడు మేలుకుంటారో, ఎప్పుడు పడుకుంటారో నాకు అంతుబట్టడం లేదు. విదేశం వెళ్తానంటే వెళ్ళండి, పంపిస్తాం. ఏ ఊరో శుక్రవారం తేల్చి చెప్పండి. లేదంటే సోమవారం నుంచి ఆఫీసుకొచ్చి పది నుంచి ఆరు దాకా కూర్చోండి" అంది.

బాబాయి మొహం వాడిపోయింది. నాకు మాత్రం అరికాళ్ళు దురద పెట్టాయి. ఈయన వెళ్తే సంచి మోయడానికి నేనుంటానుగా!

"నీ వల్ల కాదు గానీ నేను తేలుస్తాను" అని కూర్చుని, జల్లెడ పట్టి, పావురాల ఊరు పట్టుకున్నాను. అద్దె తక్కువ, ఎండ మితం, కరెంటు పోదు. బాబాయి వెంటనే బాల్కనీలో గింజలు చల్లాడు. రెండు రోజులు తిరిగేసరికి పావురాలు మా సోఫా మీద, నేను నేల మీద.

"స్వర్గంరా ఇది! శుక్రవారం ఇదే చెప్పేస్తాను" అన్నాడు. అప్పుడు పిన్నికి పగలు డ్యూటీ.

శుక్రవారం మేనేజరమ్మ తెర మీదికి వచ్చే ముందు పిన్ని ఫోను చేసింది. స్పీకర్లో నాకూ వినబడింది. "ఏమండీ, రేపటినుంచి మళ్ళీ నైటు వేశారు. నాకోసం చూడకండి, తినేసి పడుకోండి."

బాబాయి ఫోను పెట్టేసి, గోడ గడియారం చూసి, వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"ఊరు తేలిందా?" అంది తెర మీంచి మేనేజరమ్మ.

"తేలలేదండీ. అక్కడ పావురాలు ఎక్కువ."

"పావురాలే ఆ ఊరికి అందమని నిన్న రాశారుగా?"

"రెట్టలండీ. రెట్టల సంగతి నిన్న నాకు తెలియదు."

నాకు ఒళ్ళు మండింది. నోరు తెరవబోయి, ఆగిపోయాను. వానల ఊరు వదిలింది పిన్ని డ్యూటీ మారిన రోజే. ట్రాముల ఊరు వదిలిందీ అంతే. ఊళ్ళు మారుతున్నది వానలకీ కాదు, రెట్టలకీ కాదు.

"అయితే సోమవారం, పది నుంచి ఆరు" అంది మేనేజరమ్మ.

నేను ఆయన్ని పక్కకి నెట్టి కెమెరాలో తల దూర్చాను.

"మేడమ్, మీ పరుపుల మీద నిద్ర పట్టనివాళ్ళంతా పది నుంచి ఆరు మధ్యే దొర్లుతారా?"

"ఎవరు నువ్వు?"

"కాలేజీ మానేసినవాణ్ణి. ఈయన ఆఫీసులో కూర్చుంటే మిగతా వేళల్లో వాళ్ళ గోడు ఎవరు వింటారు? మీరు వింటారా?"

ఆవిడ ముందున్న కాగితాలు తిరగేసింది. "ఎప్పుడడిగినా జవాబు వస్తోందని జనం మెచ్చుకుంటున్న మాట నిజమే. మా దగ్గర నలుగురున్నారని అనుకుంటున్నారు వాళ్ళు" అంది చివరికి. "సరే, ఎప్పటిలాగే కానివ్వండి. ఊరి పేరు ఇక అడగను. ఆ పావురాన్ని మాత్రం నెత్తి మీంచి దింపండి, మీతో మాట్లాడుతున్నానో దానితో మాట్లాడుతున్నానో తెలియడం లేదు."

తెర ఆరిపోగానే అడిగాను. "బాబాయ్, నువ్వు ఏ ఊరూ వెళ్ళవు కదూ? పిన్ని ఇంటికొచ్చే వేళకి ఎక్కడ భోజనాల వేళవుతుందో, ఆ ఊరే నీకు నచ్చుతుంది."

పావురాన్ని దింపుతూ నవ్వాడు. "పెళ్ళైన కొత్తలో ఓ పొద్దున్న లేచి చూద్దును కదా, మీ పిన్ని వంటింట్లో నిలబడి గిన్నెలోంచే తింటోందిరా. చప్పుడైతే నేను లేస్తానట. నీకోసం మేలుకుంటానంటే ఒప్పుకుంటుందా? పోట్లాడి పడుకోబెడుతుంది. అదే పిచ్చోణ్ణైతే పేచీ లేదు."

"మరి నేనేం చెయ్యాలి?"

"పిన్నితో అనకు. ఇంకో చిన్న సాయం. ఇక్కడ తెల్లారేసరికి రాత్రి భోజనాలు పెట్టే ఊరు ఇంకోటి రేపటికి వెతికిపెట్టు. ట్రాముల ఊరికే మళ్ళీ వెళ్తే అనుమానం వస్తుంది. సముద్రం ఉన్నా సర్దుకుంటాను, ఎడారైనా ఫరవాలేదు. వాన మాత్రం వద్దురా నాయనా, ఓనరు ఇల్లు ఖాళీ చేయిస్తాడు."