మెత్తగా కొడితే మాడుతుంది

మీట నొక్కే ముందు ఆమె కుడిచెవి మీది జుట్టును వెనక్కి తోసుకుంటుంది. యంత్రం అద్దాల పెట్టెకు ఆ చెవి ఒగ్గుతుంది. అందుకే కార్ఖానాలో ఆమెను అందరూ చెవులమ్మ అంటారు. పక్క బల్ల దగ్గర డ్రిల్లు నడిపే మేస్త్రి ఒక్కడే అలా పిలవడు. ఆయన ఆమె అక్క భర్త.

అక్కడ తయారయ్యేవి ఆసుపత్రులకు వెళ్లే సన్నని ప్లాస్టిక్ గొట్టాలు. గొట్టం గోడకు చిన్న చిల్లులు పెట్టాలి. డ్రిల్లుతో పెడితే అంచున నూగు మిగులుతుంది. ఆ నూగు రోగి ఒంట్లోకి పోకూడదు. యజమాని ఒక లేజరును అద్దెకు తెచ్చి, ప్యాకింగ్‌లో ఉన్న ఆమెకు నేర్పించాడు. నమూనా ఆసుపత్రివాళ్లకు నచ్చితే యంత్రం ఉంటుంది. నచ్చకపోతే అది వెనక్కి, ఆమె ప్యాకింగ్‌కు. అట్టపెట్టెలకు టేపు అంటించడం ఆమెకు చేతకాక కాదు. అక్కడ వినడానికి ఏమీ లేదు.

ఈ వెలుగు కంటికి కనబడదు, ఊదారంగుకు అవతలిది. ధారగా రాదు, దెబ్బలుగా వస్తుంది. ఒక్కో దెబ్బ ముందు రెప్పపాటు కూడా ఒక యుగమే. ప్లాస్టిక్ పైపొర ఆ వెలుగును లోపలికి పోనివ్వక తానే మింగుతుంది, తెగి, ఆవిరై లేచిపోతుంది. వేడి కిందికి పాకేలోపే అంతా ముగుస్తుంది. అంచు చల్లగా, నున్నగా ఉంటుంది.

నమూనా అడిగిన రోజు అలా జరగలేదు. మధ్యాహ్నం ఆసుపత్రివాళ్లు వస్తారు. పొద్దుటి నుంచి పెట్టిన గొట్టమల్లా గోధుమరంగుకు తిరిగి ఉబ్బుతోంది. చిల్లి పడదు.

మేస్త్రి ఒక ముక్కను వెలుగులోకి ఎత్తి చూశాడు.

"ఏం మరదలా, పొయ్యి మీద పెట్టి మరిచిపోయావా?"

"ముందు నీ చిల్లులకు గడ్డం గీయించు బావా, తర్వాత మాట్లాడు."

"పోనీ నేను పొడవనా?"

"ఇన్నాళ్లూ పొడిచింది చాల్లే."

ఆయన నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"నమూనా గొట్టాలు ఇంకెన్ని ఉన్నాయి?"

"ఒక్కటే."

"ఏం మార్చావసలు?"

"గోడ ఉల్లిపొరంత ఉంది బావా. చిల్లి అవతలి గోడకూ పడుతుందేమోనని బలం తగ్గించా. తగ్గించాను కదా అని దెబ్బలు పెంచా."

"అచ్చం మీ అక్కే. రోజంతా సన్నగా సణుగుతుంది. నేను లోలోపల మాడిపోతాను తప్ప ఒక్క అలవాటూ పోదు. ఒక్కసారి గట్టిగా అరిచి వదిలేస్తే ఏనాడో బాగుపడేవాణ్ని."

ఆమె చెయ్యి మీట మీదే ఆగింది.

"మళ్లీ చెప్పు."

"ఏది?"

"అక్క సణుగుడు."

"ఇంటికెళ్లి చెప్పవు కదా?"

ఆమె వినడం లేదు. రోజూ రెండు చప్పుళ్లు ఉంటాయి. యంత్రానిది టిక్కు. దాని వెంటే ప్లాస్టిక్‌ది, సన్నగా చిటిక వేసినట్టు. పొద్దుటి నుంచి టిక్కు ఒక్కటే వినిపిస్తోంది. చాలినంత బలం లేని దెబ్బకు పొర లేవదు. వచ్చిన వేడి వచ్చినట్టే లోపల పోగవుతుంది. భయంలో ఆ రెండో చప్పుడు లేదన్న సంగతే గమనించలేదు.

బలం పాత చోటికి పెంచింది. దెబ్బలు తగ్గించి, మధ్య ఎడం పెంచింది. చివరి గొట్టం బిగించింది.

టిక్కు. చిటిక.

మేస్త్రి కూడా మెడ చాచి విన్నాడు. చిల్లి పడింది. అవతలి గోడకు గీత కూడా పడలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చినావిడ భూతద్దం కింద గొట్టాన్ని తిప్పి తిప్పి చూసింది. "ఇలాంటివే కావాలి" అని సంచీలో వేసుకుంది. యజమాని ఆవిడకు కాఫీ ఇవ్వడం మరిచిపోయి తానే తాగేశాడు.

మర్నాడు పొద్దున్న చెవులమ్మ ప్యాకింగ్ గదికి వెళ్లింది. ఎందుకైనా మంచిదని అక్కడే ఉంచుకున్న తన స్టూలును చంకన పెట్టుకుని వచ్చి లేజరు ముందు వేసింది. స్టూలుకు ఒక కాలు పొట్టిది. కింద మాడిన గొట్టం ముక్క ఒకటి మడిచి పెట్టి, కూర్చుంది.