తమ్ముడి జామచెట్టు

నా చిన్నప్పుడు, ఒక ఎండాకాలమంతా, మా పెరట్లోని జామచెట్టును చూస్తేనే నా గుండె దడదడ కొట్టుకునేది. అది మా తమ్ముడి చెట్టు. వాడికి పేరు పెట్టి తొట్టెల్లో వేసిన నాడు మా అవ్వ, అంటే బాపు వాళ్ల అమ్మ, దాన్ని నాటింది. వాడికి పోసిన స్నానం నీళ్లన్నీ దాని పాదులోకే పోయేవి. మాది కేతేపల్లి దగ్గరి పల్లె. ఎండలు ముదిరితే బావిలో చేద రాయికి తగిలే ఊరు. అయినా ఆ చెట్టుకు మాత్రం నీళ్లకు లోటు ఉండేది కాదు. తమ్ముడికి ఐదో ఏడు వచ్చినా, ఒళ్లంతా ఆకులే గానీ ఒక్క కాయ కాస్తే ఒట్టు, మహాతల్లి!

ఆ ఏడు తమ్ముడికి జ్వరం పట్టుకుని విడవలేదు. అమ్మా బాపూ వాడిని పట్నం దవాఖానకు తీసుకుపోయారు. ఇంట్లో అవ్వా నేనూ మిగిలాం. సరిగ్గా ఆ వారంలోనే అవ్వ చెట్టుకు నీళ్లు ఆపేసింది. అంతటితో ఊరుకుందా? పాదు తవ్వి, వేర్లకు ఎండ తగిలేలా మట్టంతా లాగేసింది. ఆకులు పండుబారి రాలసాగాయి.

పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా చూసి, "అయ్యో, పిల్లగాని చెట్టు గిట్ల మోడైతాందేందే?" అన్నది. ఆమె మామూలుగానే అన్నది. నాకు మాత్రం చెట్టుకేమైతే తమ్ముడికీ అదే అవుతుందని మనసులో నాటుకుపోయింది. పట్నం నుంచి కబురు లేదు. బస్సు చప్పుడైతే రోడ్డు దాకా ఉరికేదాన్ని. తిరిగొచ్చి రాలిన ఆకులన్నీ ఊడ్చి గోడవతల పోసేదాన్ని. ఆకులు కంటికి కనబడకపోతే రాలనట్టేనని నా పిచ్చి.

చివరికి ఒక పొద్దున చెట్టును పట్టుకుని ఏడ్చాను. "అవ్వా, నీళ్లు పొయ్యవే. చెట్టు సస్తే తమ్ముడు సస్తడు."

అవ్వ ఉలిక్కిపడింది. "థూ థూ, గవేం మాటలే! నోట్ల మన్నువడ!" అని కసిరి, నన్ను ఒళ్లోకి లాక్కుంది. అడగకుండానే నీళ్లు తాగీ తాగీ చెట్టుకు బద్ధకం పట్టిందట. ఇట్లా ఎండగడితే వానలకు పూత పడుతుందట. బొటనవేలి గోటితో బెరడు మీద గీరి చూపించింది. కింద లేత పచ్చరంగు తేలింది.

"సూడు, లోపట పచ్చిగనే ఉన్నది. పచ్చి ఉన్నన్ని దినాలు ఫికర్ జెయ్యొద్దు బిడ్డా."

అప్పటి నుంచి లేవగానే చెట్టు దగ్గరికి పోయి గీరి చూసుకోవడమే నా పని. పచ్చగా కనిపిస్తేనే జొన్నగటక ముద్ద గొంతు దిగేది. అవ్వ మాత్రం ఏమీ పట్టనట్టు జొన్నలు దంచుకుంటూ ఉండేది. ఈ ముసల్దానిది గుండెనా, బండనా అనుకునేదాన్ని.

ఒకరోజు కింద గీరడానికి జాగా లేక, పీట వేసుకుని ఎక్కాను. నా చెయ్యి ఎన్నడూ అందని ఆ ఎత్తులో, కొమ్మ పొడుగునా గోటి గీతలు! కొన్ని ఎండి నల్లబడ్డాయి. కొన్ని ఆ పొద్దుటివే, ఇంకా తడిగా ఉన్నాయి. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

దిగి వచ్చి, అవ్వ వీపుకు ఆనుకుని కూర్చున్నాను. "ఏందే, పని లేదా?" అన్నది గానీ, నన్ను తోసెయ్యలేదు. రోకలి పక్కన పెట్టి, నా మీదికి కాస్త ఒరిగింది.

తొలకరి పడ్డాక అవ్వ పాదులో గొర్రెల ఎరువు వేసి మట్టి కప్పింది. చెట్టు చిగురించే రోజుల్లోనే తమ్ముడు అమ్మ చంకనెక్కి బస్సు దిగాడు, పుల్లలా చిక్కిపోయి. అప్పుడు ఏడ్చింది మా అవ్వ, వాడకట్టంతా వినేటట్టు. ఆ చలికాలం జామకాయలు విరగకాశాయి.

ఇప్పుడు నేనూ అవ్వనయ్యాను. ఇంట్లో ఎవరైనా దవాఖానలో ఉంటే పిల్లలంతా నా మొహం వైపే చూస్తారు. "ఏం గాదు బిడ్డా, ఫికర్ జెయ్యకుండ్రి" అని గట్టిగానే అంటాను. అన్నాక, ఎవరూ చూడకుండా పెరట్లోని చెట్టు దగ్గరికి పోతాను. అందుకే నా బొటనవేలి గోరు ఎప్పుడూ కాస్త పెరిగే ఉంటుంది.